మధ్యాహ్నం గడిలో బ్యాటరీ

నేను ఒక ఆదివారం నాడు మా నాయనను దాదాపు చంపేశాను. కోపంతో కాదు, ఆస్తి కోసం అసలే కాదు. శుభ్రత కోసం. నమ్మకం కుదరకపోతే చివరిదాకా చదవండి. చదివాక లేచి మీ ఇంట్లో మాత్రల డబ్బాలో ఏముందో ఒకసారి చూసుకోండి. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నేను పడ్డ పాటు పగవాడికి కూడా వద్దు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీ, క్వాలిటీ సెక్షన్‌లో పని. ఊరిగాం నుంచి రోజూ కంపెనీ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. మా ఫ్యాక్టరీలో స్పానర్‌కు ఒక చోటు, చీపురుకు ఒక చోటు, అది చీపురు చోటు అని చెప్పే చీటీకి ఒక చోటు. ఆ అలవాటు నాతోపాటు బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని చీటీ అంటించాను. మా ఆవిడ సుజాత ఏమీ అనలేదు. చింతపండు, బెల్లం, ఆవాలు, అన్నిటికీ అంటించాను. అప్పుడూ ఏమీ అనలేదు. దేవుడి పటం కింద 'దేవుడు' అని అంటించినప్పుడు మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక నాయన. మా ఊరి బంగారు గనుల్లో స్టోర్సు గుమాస్తాగా పనిచేశాడు. ముప్పై ఏళ్ళు మిల్లు పక్కనున్న గోడౌనులో కూర్చున్నాడు. రాళ్ళు పిండి అయ్యే ఆ మోత ఆయన చెవుల్లో దూరి అక్కడే కాపురం పెట్టింది. గనులు మూతపడి, మిల్లు ఆగిపోయి, ఊరంతా సద్దుమణిగాక గానీ మాకు తెలియలేదు, ఆయనకు కుక్కర్ విజిల్ కూడా వినబడటం లేదని.

చెవులు పోయినా స్టోర్సు మాత్రం ఆయన్ను వదల్లేదు. పాతది తెచ్చి ఇస్తేనే కొత్తది ఇవ్వాలి. ఆఫీసరు ఎదురుగా లేనిదే సీలు చింపకూడదు. బంగారం తీసే చోట సీలు చినిగితే ఉద్యోగం చినిగినట్టేనట. మా ఇంట్లో కొత్త సబ్బు కావాలంటే పాత సబ్బు ముక్క చూపించాల్సిందే. తండ్రికి ఇది, కొడుక్కి చీటీలు. మధ్యలో సుజాత ఎలా బతికిందో ఆమెనే అడగాలి.

నాయన కుడి చెవికి మిషను తెచ్చాము. చెవి వెనక తగిలించుకునేది, గుండీ అంత బ్యాటరీతో నడిచేది. బ్యాటరీ వారానికి ఒకటి. రాత్రి మిషను తీసి, బ్యాటరీ తలుపు తెరిచిపెట్టి, పొడిగుడ్డతో తుడిచి, చెమ్మ తగలని డబ్బాలో దాచాలి. స్నానానికి ముందు తీసేయాలి. ఇవన్నీ నేనే చేసేవాణ్ణి. కొత్త బ్యాటరీ వీపున నారింజరంగు చీటీ ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని పీకితేనే బ్యాటరీకి గాలి తగిలి ప్రాణం వస్తుంది. పీకి ఒక నిమిషం ఆగి మిషనులో పెట్టాలి. ఆ పని కూడా వంటింటి కిటికీ దగ్గర నిలబడి నేనే చేసేవాణ్ణి. నేనూ నేర్చుకుంటానని నాయన రెండు మూడు సార్లు అడిగాడు. నీకెందుకు నాయనా ఈ తలనొప్పి, నేను లేనా అన్నాను. ఆయనకు నేర్పితే నా గొప్ప తగ్గిపోదూ!

ఇంట్లో నాయన మాత్రల డబ్బా ఒకటి ఉండేది. వారానికి ఏడు వరసలు, వరసకు మూడు గడులు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. నాయనకు మధ్యాహ్నం మాత్రలు లేవు. అంటే ఏడు గడులు ఖాళీ. ఖాళీ చోటు చూస్తే నా చేయి ఊరుకోదు. బ్యాటరీ మార్చేది ఆదివారం కాబట్టి ఆదివారం మధ్యాహ్నం గడిలో ఒక బ్యాటరీ పెట్టాను. తెల్లగా, గుండ్రంగా, అచ్చం ఆయన బీపీ మాత్రంత ఉంది. ఎంత చక్కగా ఇమిడిందో అని మురిసిపోయాను. దేవుడికి చీటీ అంటించిన మహానుభావుణ్ణి, ఆ గడి మీద 'బ్యాటరీ' అని మూడు అక్షరాలు రాయలేదు.

ఆ ఆదివారం మా సెక్షన్‌లో ఒకతని కూతురికి ఆవని గుడిలో చెవులు కుట్టిస్తుంటే నేనూ సుజాతా పోయాము. నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. మేము తిరిగి వచ్చేసరికి మూడయింది. నాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. తిన్నావా అని అడిగితే పలకలేదు. మిషను చెవికే ఉంది. సరే, పాత బ్యాటరీ అయిపోయినట్టుంది, కొత్తది వేద్దామని మాత్రల డబ్బా తీశాను.

ఆదివారం పొద్దుటి గడి ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం గడి కూడా ఖాళీ.

డబ్బా కింద చూశాను. మంచం కింద, చాప కింద చూశాను. నాయన బనీను జాడించాను. ఆయన నన్ను వింతగా చూశాడు. అప్పుడు తోచింది నాకు, ఎవరైనా మాత్రల డబ్బాలో ఉన్నదాన్ని ఏం చేస్తారో.  నా చేత్తో నేనే పెట్టాను. వేళ కూడా నేనే చెప్పినట్టయింది, మధ్యాహ్నం అని.

సుజాత నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె అరవలేదు. బీరువా తెరిచి, నా చీటీ అంటించిన 'ముఖ్యమైన కాగితాలు' ఫైలు తీసి, మిషనుతోపాటు వచ్చిన కాగితాన్ని పట్టుకుంది. పైకి చదివింది. బ్యాటరీలు మాత్రల దగ్గర పెట్టరాదు. పిల్లలకు అందనీయరాదు. మింగారని అనుమానం వస్తే కక్కించే ప్రయత్నం చేయకుండా, ఏమీ తినిపించకుండా, తాగించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గొంతులో ఇరుక్కుంటే కొద్ది గంటల్లోనే లోపల కాల్చేయగలదు.

"ఈ కాగితం మీరు చదవలేదా?" అంది.

"ఫైల్ చేసినాను," అన్నాను.

ఇంతకంటే సిగ్గుచేటైన జవాబు నా జన్మలో మళ్ళీ చెప్పలేదు.

మింగాడో లేదో నాయననే అడగొచ్చు కదా అంటారేమో. అడగాలంటే ఆయనకు వినబడాలి. వినబడాలంటే మిషనుకు బ్యాటరీ కావాలి. ఇంట్లో మిగిలిన ఆఖరి బ్యాటరీ గురించే అడగాల్సింది. అందుకని సైగలకు దిగాను. వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాను. నోట్లో వేసుకున్నట్టు, మింగినట్టు చూపించాను. కడుపు పట్టుకుని ముఖం బాధగా పెట్టాను. నాయన కళ్ళు పెద్దవయ్యాయి. పేపరు కింద పడేశాడు. లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"భయపడొద్దురా. డాక్టరు దగ్గరికి పోతే సరిపోతుంది. ఇంగ లేటు చేయొద్దు," అన్నాడు.

అంతే, నాకు అనుమానం తీరిపోయింది. మింగాడు. మింగిన సంగతి ఆయనకూ తెలుసు. ఆ స్థితిలో కూడా నాకే ధైర్యం చెబుతున్నాడు. నాకు ఏడుపు వచ్చేసింది.

మా గొడవ విని పక్కింటి మేరీ అక్క వచ్చింది. సంగతి విని తన ఇంట్లోకి పోయి నాలుగు అరటిపండ్లు పట్టుకొచ్చింది.

"ఒణ్ణుం ఆగాదు తంబీ, ఏమీ కాదు. పండు తింటే దాంతోపాటే జారిపోతుంది. నా చెల్లెలి కొడుకు బొత్తాము మింగితే ఇట్లనే చేసినాము," అంది.

సుజాత కాగితం అడ్డంపెట్టి, బొత్తాము వేరు, బ్యాటరీ వేరు, ఏమీ పెట్టొద్దు అంది. ఈలోగా మేరీ అక్క ఒక పండు నాయన చేతిలో పెట్టేసింది. నాయన దాన్ని ఒలిచి నా చేతికి ఇచ్చి తినమన్నాడు. ఈ వేళ కూడా కొడుకు ఆకలే చూస్తున్నాడే అని, కళ్ళ నీళ్ళతో తినేశాను.

ఆటోలో రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రి దాకా పోయేది కొద్ది దూరమే. ఆ రోజు మద్రాసు దాకా పోతున్నట్టు అనిపించింది. ఒక పక్క సుజాత, ఒక పక్క నేను, నడుమ నాయన. కాగితం మీద రాసి అడుగుదామని సుజాతకు సగం దారిలో తోచింది. పెద్ద అక్షరాలతో రాసి చూపించింది కూడా. నాయన కాగితాన్ని దగ్గరికి, దూరానికి జరిపి చూసి, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయినానని చెప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా మణికట్టు పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు. లోపల కాలుతున్నట్టుంది, ఆ బాధకే పట్టుకున్నాడనుకున్నాను. గనుల రాతిపిండి పోసిన సైనైడ్ దిబ్బల పక్కన పోతున్నప్పుడు స్టోర్సులో జరిగిన ఏదో పాత కథ చెప్పడం మొదలుపెట్టాడు. అందులో ఎవరో మేస్త్రీ, ఏదో తాళంచెవి. ఆయన చెబుతూ చెబుతూ నా ముఖం చూసి నవ్వుతుంటే, నేను మొక్కని దేవుడు లేడు. చీటీ అంటించిన దేవుడికి ప్రత్యేకంగా మొక్కి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వెంటనే ఎక్స్‌రే రాసింది. ఎక్స్‌రే తీసే ఆయన నాయన చెవి నుంచి మిషను తీయించి సుజాత చేతికిచ్చాడు. జేబులో ఏముంటే అవి తీసేయండి అని నాయనతో రెండుసార్లు అన్నాడు. నాయన ఆయన్ను చూసి మర్యాదగా తల ఊపి నిలబడ్డాడు. ఉన్న మిషను తీసేశాక ఆయనకు వినబడేదెట్లా? లోపలుంటే ఆ మాట నేనైనా చెప్పేవాణ్ణి. నేను తలుపు బయట గోడకు ఆనుకుని ఉన్నాను.

ఫిల్ము వచ్చింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టింది. పక్కటెముకల మీద, తెల్లగా, గుండ్రంగా ఉంది. క్వాలిటీ సెక్షన్‌లో పదేళ్ళుగా సామాను కొలుస్తున్న కళ్ళు నావి. కొలత సరిగ్గా అదే. నేను బెంచీ మీద కూలబడ్డాను. నాయన వచ్చి నా పక్కన కూర్చుని మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు.

"స్వల్ప ఉండండి," అంది డాక్టరమ్మ. "గొంతు దారి నడుమన ఉంటాది. ఇది ఎడమ పక్కకు ఉండాది. ఆయన చొక్కా జేబు చూడండప్పా."

సుజాత జేబులో చేయి పెట్టింది. ఆటోలో రాసిన కాగితం వచ్చింది. దాని కింద ఇంకో చిన్న పొట్లం వచ్చింది. విప్పితే బ్యాటరీ. పొట్లం మీద నాయన దస్తూరిలో, 'పాతది 1. వాపసు' అని రాసి ఉంది.

అయితే ఇది పాతది. మరి కొత్తది ఏమైంది? ఫిల్ములో ఇంకేమీ లేదు, లోపల ఏమీ లేదు అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. సుజాత మాత్రం పిడికిట్లో ఉన్న మిషను వైపు చూసుకుంది. గోటితో దాని బుల్లి తలుపు తెరిచింది. లోపల కొత్త బ్యాటరీ తన చోట్లో తాను బుద్ధిగా కూర్చుని ఉంది. వీపున నారింజ చీటీ చెక్కు చెదరలేదు. ఇంట్లో ఆ తలుపు తెరిచి చూడాలని క్వాలిటీ సెక్షన్‌కు తోచలేదు, చూశారా.

సుజాత చీటీ పీకింది. ఒక నిమిషం ఆగాలి కదా, ఆగాము.  మిషను నాయన చెవికి తగిలించాము. నేను ఏదో అనబోయేలోగా ఆయనే అడిగాడు.

"ఇప్పుడెట్ల ఉండాదిరా నీకు?"

"నాకేమి నాయనా?"

"కడుపు పట్టుకొని చూపించినావు గదా. ముఖమంతా చెమటలు. ఆటోలో పొడుగునా నాడి పట్టుకొనే ఉండాను, గబగబా కొట్టుకుంటా ఉండాది. నువ్వు దిగులుపడకూడదని కథ చెప్పుకుంటా వచ్చినాను. యాడ, నువ్వు వింటేనా." నా ముఖంలోకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఏమి మింగినావు?"

డాక్టరమ్మ ఫిల్ము ముఖానికి అడ్డం పెట్టుకుంది. సుజాత గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలియదనుకుంటాను. నాయన మాత్రం ఇంకా ఒక సందేహంలోనే ఉన్నాడు. బాగలేనిది నాకైతే ఎక్స్‌రే మిషను ముందర తనను ఎందుకు నిలబెట్టారో ఆయనకు అర్థం కాలేదు.

బ్యాటరీ నువ్వే మార్చుకున్నప్పుడు ఆ చీటీ ఎందుకు పీకలేదని అడిగాను. ఆయన నన్ను కొత్తగా చేరిన కూలీని చూసినట్టు చూశాడు.

"అది సీలు గదరా. ఆఫీసరు లేకుండా ఎట్ల చింపేది? నువ్వు ఊర్లో లేవు గదా."

అంటే మా ఇంట్లో ఆఫీసరును నేనే. అన్నీ నేనే చేస్తానని చేసి, ఆయనకు ఏదీ చూపించకుండా, ఆ పదవిలో నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను. ఆసుపత్రి మెట్ల మీద, అందరూ చూస్తుండగా, నాయనను కౌగిలించుకున్నాను. ఆయన మిషను కుయ్యిమని కూసింది. మెల్లగా పట్టుకో, పాడైపోతుంది అన్నాడు.

ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేస్తూ నేను చేసిన ప్రమాణం ఇది. ప్రాణం ఉన్నంతవరకు మాత్రల డబ్బాలో బ్యాటరీ పెట్టను, బ్యాటరీల డబ్బాలో మాత్ర పెట్టను. పెట్టెతో వచ్చిన కాగితం చదవకుండా ఫైల్ చేయను. చెవి మిషను సంగతులు ఆ చెవి గల మనిషికి నేర్పకుండా నా దగ్గర దాచుకోను. దీన్ని నాయన కొత్తగా పెట్టిన బ్యాటరీల నోటుబుక్కులో, మొదటి పేజీలో, నాయనా సుజాతా కలిసి నా చేత రాయించి సంతకం పెట్టించారు. నాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. తర్వాతి ఆదివారం కొత్త బ్యాటరీ మీంచి తానే పీకిన నారింజ చీటీని దాని కింద అంటించాడు. తర్వాత ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ కొంతసేపు ఆగి, రిమార్కుల గడిలో రాశాడు: 'పాతది 1 ముట్టింది. కొత్తది 1 ఇచ్చాము. కొడుకు నాడి మామూలు.'