గుహలో జగ్గయ్యపేట

లోకంలో ఏది చూపించినా కుటుంబరావుకి అందులో జగ్గయ్యపేటే కనబడుతుంది. హిమాలయం చూపిస్తే సున్నపురాయి గుట్ట అంటాడు, సముద్రం చూపిస్తే వానాకాలంలో మా వీధి అంటాడు. పేటలో ఆయనకి రంగుల కొట్టుంది. వయసు అరవైకి దగ్గర. మనిషి సన్నం, గొంతు లావు. ఏటా చలి మొదలవగానే కొట్టుకి తాళం వేసి, పేట నుంచీ నందిగామ నుంచీ ఓ పదిమందిని పోగుచేసి అడవులకీ నదులకీ గుహలకీ తీసుకుపోవడం ఆయనకున్న పిచ్చి. అంతదూరం పోయి అక్కడ కూడా జగ్గయ్యపేటనే చూసి రావడం ఆ పిచ్చికి పరాకాష్ఠ.

ఈ ఏడు ఆ పదిమందిలో నీరజ చేరింది. నందిగామలో సైన్సు టీచరు, కాపురం పేటలో. "ఆడమనిషివి, అడవికెందుకమ్మా? ఇంట్లో వంటెవరు చేస్తారు?" అని అడిగినవాళ్ళకి "తినేవాళ్ళు" అని చెప్పి బయల్దేరింది. క్వారీలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా కిటికీలు గడగడలాడే ఇల్లు, ఆరేసిన బట్టల మీద సిమెంటు దుమ్ము, బస్సులో నిలబడి రాకపోకలు. జన్మలో ఒక్కసారి, మనిషి చెయ్యి పడని చోటు కళ్ళారా చూడాలి. అక్కడ నిలబడి ఊరు మరిచిపోవాలి. ఆవిడ కోరిక అంతే. మరిచిపోనిస్తేగా!

మొదటిరోజు నల్లమలలో, నది మీద రబ్బరు పడవలు. కొండల మధ్య నీళ్ళు నురగలు కక్కుతూ రాళ్ళ మీద విరుచుకుపడుతున్నాయి. ఆ భయంకరమైన అందాన్ని నీరజ ఊపిరి బిగబట్టి చూస్తోంది. వెనకనుంచి కుటుంబరావు గొంతు లేచింది.

"ఇదేముందర్రా! గరికపాడు చెక్‌పోస్టు. ఎడమపక్క సిమెంటు లారీ, కుడిపక్క బొగ్గు లారీ. మధ్యలోంచి స్కూటర్ తోలెయ్యడమే. సాయీ, తెడ్డెయ్యి!"

"ఇక్కడ లారీలెక్కడున్నాయండీ?" అంది నీరజ, పళ్ళు కొరుకుతూ.

"ఆ బండరాయి చూడండి టీచరమ్మా. వెనకాల 'హారన్ ప్లీజ్' ఒక్కటే రాయలేదు."

తెడ్డు వేస్తున్న నాగసాయి నందిగామలో జిమ్ము నడుపుతాడు. అతని కండల ధాటికి ఏ టీషర్టూ ఎక్కువకాలం బతకదు. "భయమంటే ఎట్టా ఉంటది బాబాయ్? చేదుగానా, పుల్లగానా?" అని వ్యాను ఎక్కిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం నిటారుగా లేచిన కొండ కింద నడుస్తుంటే, "పరిటాల హనుమంతుడి విగ్రహానికి ఇది నడుం దాకా రాదు" అన్నాడు కుటుంబరావు. ఇసుకలో ఎలుగుబంటి అడుగులు కనబడి గైడు లహరి అందర్నీ ఆగమంటే, "బజార్లో ఆబోతుకి దారివ్వట్లా? అట్టాగే దీనికీ ఇద్దాం" అన్నాడు. లహరి ఆ అడవి పక్క ఊరి మనిషే. ఆమెకి నవ్వాగలేదు.

"మీ పేటలో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయా సార్?"

"మా బావమరిది ఉన్నాడమ్మాయ్."

అందరూ విరగబడి నవ్వారు. నీరజ నవ్వలేదు. "కుటుంబరావు గారూ, మీకో దండం. నేను పేట మరిచిపోదామని వచ్చా. మీరేమో దాన్ని మూటగట్టి నెత్తిన పెట్టుకొచ్చారు. రేపు గుహలోనన్నా నోరు విప్పకండి, పుణ్యముంటుంది."

"విప్పనమ్మా. నా కొట్టు మీదొట్టు."

మర్నాటి గుహ కూడా పేట గుట్టల్లాగే సున్నపురాయిదే. పాక్కుంటూ పోవాల్సిన ఇరుకు దారి, దాని చివర పెద్ద గది. లహరి మిగతావాళ్ళతో ముందే వెళ్ళిపోయింది. ఆఖర్న కుటుంబరావు, ఆయన వెనక నాగసాయి, అతని వెనక నీరజ. తలలకి లైట్లు, మోచేతులకి బురద. కుటుంబరావు నిజంగానే నోరు మూసుకుని పాకుతున్నాడు. నీరజకి ప్రాణం లేచొచ్చింది. సగం దూరం పోయాక, ఆమె ముందున్న బూట్లు ఆగిపోయాయి.

"నాగసాయీ, కదులు."

బూట్లు కదల్లేదు. వణుకుతున్నాయి.

"ఊపిరాడట్లా..." గొంతు నాగసాయిదే గానీ నిన్నంతా విన్న గొంతు కాదు. "కొండంతా మీద పడుతోంది. నేను రాను. ముందుకీ రాను, వెనక్కీ రాను."

మగాడికి, అందులోనూ కండలున్న మగాడికి, భయం వెయ్యకూడదని మన ఊళ్ళు ఒక చట్టం చేసి పెట్టాయి. జిమ్ములో ఎత్తే ఇనుము కంటే ఆ చట్టం బరువెక్కువ. పాపం, ఎవరికీ చెప్పకుండా ఇక్కడిదాకా మోసుకొచ్చాడు. పక్కన చేరి చెయ్యి పట్టుకుందామంటే దారి ఒక్క మనిషికే పడుతుంది. ఎగపోస్తున్నాడు. ఇలాగే ఉంటే స్పృహ తప్పేట్టున్నాడు. తప్పితే ఆ దేహాన్ని లాగడం ఎవరి తరం?

ముందునుంచి తాపీగా మాట వినబడింది. "టీచరమ్మా, ఒట్టు తీసి గట్టున పెట్టనా?"

"పెట్టండి, తొందరగా!"

"సాయీ, పేటలో బస్టాండు దగ్గర దిగావా?"

"...బాబాయ్?"

"దిగావా, లేదా?"

"దిగా."

"కొబ్బరికాయల బండి పక్క సందు. మా కొట్టుకి అడ్డదారి. ఎన్నిసార్లు రాలా నువ్వు? స్కూటర్ పట్టదు గానీ మనిషి పడతాడు. ఎదురుగా పాలక్యాన్లాయన వస్తున్నాడు, భుజం ఏటవాలుగా తిప్పి దారియ్యి."

బూట్లు కాస్త కదిలాయి.

"ఆ సందులో కుక్కుంటది బాబాయ్."

"ఇవాళ లేదురా, పెళ్ళి భోజనాలకి పోయింది. తల వంచు, టైలరు కొట్టు రేకు తగుల్తది. ఇప్పుడు మురిక్కాలవ. చెయ్యి కాస్త దూరంగా వెయ్యి."

రెండు బారలు పాకి మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఎగపోత. సైన్సు టీచరుగా నీరజ చెప్పదగ్గవి చాలా ఉన్నాయి. ఇక్కడ గాలికి కొరత లేదనీ, ఈ రాయి మన తాతలకి తాతలు పుట్టకముందే కుదురుకుందనీ. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది మాత్రం ఇదీ:

"పీం పీం! ఏంటి బాబూ దారికడ్డంగా? వెనకాల ఆటో ఆగిపోయింది, జరుగు!"

గుహ ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తర్వాత నాగసాయి నవ్వాడు. నవ్వులో ఊపిరి బయటికి పోయింది, పోయింది కాస్తా నెమ్మదిగా లోపలికొచ్చింది.

"ఆ సందులోకి ఆటో ఎట్టా వచ్చింది మేడమ్?" అంటూ పాకడం మొదలుపెట్టాడు.

"వచ్చేశావురా మా కొట్టుకి! చెప్పులు బయట వదిలి రా, టీ చెప్తా" అని కుటుంబరావు రెండు చేతులూ చాచి అతన్ని పెద్ద గదిలోకి లాక్కున్నాడు.

"ఏంటి సార్, ఇంతసేపు?" లహరి అడిగింది.

నాగసాయి మొహంలో నెత్తురు లేదు.

కుటుంబరావు చటుక్కున అందుకున్నాడు. "నా పిక్క పట్టేసిందమ్మాయ్. దారికడ్డంగా పడిపోయా. ఈ సాయి వెనకనుంచి తోశాడు కాబట్టి బయటపడ్డా."

ఈ వయసులో మీకివన్నీ ఎందుకండీ అని తలా ఒక మాటా అన్నారు. అందరికంటే గట్టిగా కుటుంబరావే నవ్వాడు. నాగసాయి ఏదో చెప్పబోతే, "ముందు పిక్క నొక్కరా" అని కాలు చాపాడు. ఏ నొప్పీ లేని ఆ పిక్కని నాగసాయి తల వంచుకుని, ఎంతో శ్రద్ధగా నొక్కాడు.

అతను లేచి వెళ్ళాక నీరజ వచ్చి కుటుంబరావు పక్కన చేరింది. "నిన్న పడవలో ఆ లారీల గోల కూడా ఇతని కోసమేనా?"

"వాడి తెడ్డు చూడలేదా టీచరమ్మా? నీళ్ళకి తగలకముందే ఊగుతోంది. ఏటా ఒకళ్ళుంటారు. పోయినేడు మా బావమరిదే."

నీరజ తలెత్తింది. రోజూ తమ ఊరవతల పేల్చి, పొడి చేసి, బస్తాలకెత్తే రాయే. పేల్చకుండా దాని మానాన దాన్ని వదిలేస్తే ఇలా ఉంటుందన్నమాట! తెల్లటి రాతి జాలర్లు పైనుంచి వేలాడుతున్నాయి. ఒక్కో కొసనా ఒక్కో నీటిచుక్క, లైటు పడి మెరుస్తోంది.

"ఇది పేటలో ఏ సెంటరండీ మరి?" అంది.

కుటుంబరావు చాలాసేపు పైకే చూశాడు.

"మీకేమన్నా పిచ్చా అమ్మా? పేటలో ఇలాంటిది ఎక్కడుంది!" అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "గట్టిగా అనకండి. వాడు మళ్ళీ ఆ సందులోంచే ఇంటికి పోవాలి."