పిలిస్తే పలకాలె

తడి వలకు ఒక నీచు వాసన ఉంటుంది. కొందరు ముక్కు మూసుకుంటారు. నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. పోయిన నెల బాపట్ల దగ్గర సముద్రానికి వెళ్ళాం. కోరుట్ల బడిలో కలిసి పనిచేసి రిటైరైన పంతులమ్మలం, మోకాళ్ళు మాట విన్నన్నాళ్ళే తిరగాలని శని ఆదివారాలు చూసుకుని బయలుదేరాం. చేపలు పట్టడం చూపిస్తానని ఒక కుర్రాడు చిన్న పడవలో ఎక్కించుకున్నాడు. ఒడ్డు కనబడేంత దూరంలోనే వల వేసి, లాగి, నా కాళ్ళ దగ్గర కుప్పగా పడేశాడు. వాసన గుప్పుమంది. నా ముఖం చూసి, "సముద్రం కొత్తాండీ? అలా అయిపోయారేంటి?" అన్నాడు. "సముద్రం కొత్తే బాబూ, పడవ కొత్త కాదు" అన్నాను. మా వాళ్ళు ఫోటోల గోలలో ఉన్నారు. నాకు మాత్రం ఎదురుగా తెడ్డు పట్టుకుని గంగవ్వ కూర్చున్నట్టే ఉంది.

గంగవ్వ ఎవరో మీకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఆమె ఊరే ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. వెల్గటూరు అవతల, గోదారి ఒడ్డున ఉండేది ఆ ఊరు. నా మొదటి ఉద్యోగం అక్కడే. మాది సిరిసిల్ల, మా నాయన మగ్గం మీద బతికినవాడు. నేను బస్సెక్కే రోజు ఆయన నాకు చెప్పిన బుద్ధి ఒక్కటే. "చూసినవా అంటే చూడలేదను. ఇన్నవా అంటే ఇనలేదను. రాత్రి ఎవ్వలు తలుపు కొట్టినా పలుకకు బిడ్డా." అవి అట్లాంటి రోజులు. తలుపు కొట్టింది అడవిలోని నక్సలైట్ అన్నలైతే అన్నం పెట్టాలి, పోలీసులైతే ఎందుకు పెట్టావో చెప్పాలి. ఇద్దరి మధ్య మూగవాడిదే సుఖమని ఊళ్ళకు ఊళ్ళే నోళ్ళు కుట్టుకున్నాయి. నేనూ ఆ పాఠం బాగా వంటబట్టించుకునే గంగవ్వ ఇంట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను.

ఆమె మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. మొగుడు లేడు. ఆయన పడవను ఆమే నడిపేది, ఆమే వల వేసేది. ఆడది వల పట్టుడేందని కులంలో ఎవరో నసిగితే, "మరి నువ్వచ్చి నా పొయ్యి ముట్టియ్యి, నేను కూసుండి తింట" అందట. మళ్ళీ ఎవరూ నసగలేదు. ఒక ఆదివారం నన్ను పడవెక్కించింది. నేను అంచులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంటే పకపక నవ్వింది. "గట్ల పట్టుకుంటే పడవ ఆగుతదా పంతులమ్మా? గంగల పడితే నేను లేనా?" గోదారిని ఆ ఊళ్ళో గంగ అనే అంటారు.

వల సగం లాగామో లేదో, అవతలి ఒడ్డు నుంచి ఎవరో కేక వేశారు. మాటలు తెలియలేదు. గంగవ్వ వల వదిలేసి, లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "ఓ... ఇంటున్నా! అస్తున్నా! ఆడ్నే ఉండు!" అని గోదారి దద్దరిల్లేట్టు పలికింది. వలలో చేపలు కొన్ని జారిపోయాయి. నా ప్రాణం ఉసూరుమంది.

"ఎవరో ఏమిటో తెలవకుండ పలుకుతవేందవ్వా? ఈ రోజులల్ల?" అన్నాను, మా నాయన గొంతుతోనే.

"ఎవ్వలైతే ఏంది? ఒడ్డు మీద నిలవడి పిలిచినోనికి జవాబు దొరకాలె. దొరక్కుంటే ఏంజేస్తడు? పడవ లేదనుకుంటడు, నీళ్ళు తక్కువే ఉన్నయనుకుంటడు, దిగుతడు. పోకున్నా సరే, పలకాలె. గది మా పడవోళ్ళ రివాజు." కొంచెంసేపు తెడ్డు వేసి, మళ్ళీ తనే అంది. "నా పెనిమిటి గట్లనే పాయె. పడవ ఇవతల ఉండె, అవతల నుంచి పిలిచిండట. గా దినం ఊళ్ళె పెండ్లి, డప్పుల సప్పుడుల ఎవ్వలికి ఇనవడలే. పడవ నడిపెటోడే నీళ్ళల్ల పోయిండు, సూడు."

అవతలి ఒడ్డున ఉన్నది సంతకు పోయి ఆలస్యమైన ఒక ముసలామె. మేకపిల్లతో సహా ఎక్కించుకుని వచ్చాం.

గంగవ్వకు ఒక్కడే కొడుకు, మల్లేశం. జగిత్యాలలో కాలేజీ చదువుతూ చదువుతూ అన్నలల్ల కలిశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తేది కాదు. వాడి అంగీ మాత్రం దండెం మీద ఎప్పుడూ ఉండేది. మాసిందని కాదు, ఊరికే ఉతికి ఆరేసేది. ఒకసారి నేనే అడిగాను, వస్తాడంటావా అని. "అడివి అవతలి దిక్కే గదా. అస్తే గోదారి దాటే రావాలె. అందుకే పడవ ఇంత పానంల పెట్టుకున్న" అంది.

ఆ పడవను పోలీసులు వానాకాలం మొదట్లో పగలగొట్టారు. పడవోళ్ళు అన్నలను దాటిస్తున్నారని ఊళ్ళో పడవలన్నీ ఒడ్డుకు లాగించి, గొడ్డళ్ళతో అడుగు చెక్కలు పగలగొట్టించారు. నా బడిలోనే మకాం పెట్టారు. పిల్లలకు సెలవులు. గంగవ్వ తన పడవ పక్కన కూర్చుని, పగిలిన చెక్క మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని చుట్టుపక్కల వాళ్ళు అన్నారు. ఎందుకేడుస్తుందో నాకు తెలుసు. కొడుకు వస్తే దాటించడానికి ఇక ఏమీ లేదు.

తర్వాత కొన్నాళ్ళకు, పొద్దు గూకే వేళ. గోదారి ఎర్రగా, నిండుగా పారుతోంది. ఒడ్డున ఆడవాళ్ళు బిందెలు తోముతున్నారు. గంగవ్వ, నేను ఒడ్డు నుంచి వలేసి పట్టిన పరక చేపలు కడుగుతున్నాం. అవతల నుంచి కేక వచ్చింది.

"అవ్వా... ఓ అవ్వా!"

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. బడి ముందు తుపాకులతో కూర్చున్న వాళ్ళకు తెలియదు. అందరూ తలలు వంచుకుని బిందెలు తోముతూనే ఉన్నారు. గంగవ్వ లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "పలుకకు అవ్వా. పోలీసులు చూస్తున్నరు. నువ్వు పలికితే వాడు దొరుకుతడు."

"ఇడువు బిడ్డా. వాడు దిగుతడు."

చూస్తే నిజమే. అవతల ఒక మనిషి నీడలా మోకాళ్ళ లోతుకు దిగాడు. ఇంకో అడుగు వేశాడు. గంగవ్వ నా చెయ్యి విడిపించుకుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టింది.

"పడవ లేదు కొడుకా! గంగల దిగకు! ఎనుకకు పో!"

వాడు ఆగాడు. కాసేపు అట్లాగే నీళ్ళలో నిలబడి మా దిక్కే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గట్టెక్కాడు. అప్పటికే బడి దగ్గర నుంచి బూట్ల చప్పుడు పరుగెత్తుకొచ్చింది. వాళ్ళకూ దాటడానికి పడవ లేదు, వాళ్ళే పగలగొట్టారు. కానీ వైర్‌లెస్‌కు పడవ అక్కర్లేదు. మర్నాడు అవతలి ఊరి మొక్కజొన్న చేలో మల్లేశం శవం ఉందని కబురొచ్చింది.

తల్లే పట్టిచ్చిందన్నారు. లోకం నోటికి మూకుడు ఉంటుందా? ఆమె ఎదురుగానే అన్నారు. ఆమె వల భుజాన వేసుకుని తన దారిన పోయేది. తన మనసు నాకొక్కదానికే చెప్పింది, అదీ చాలా రోజులకు, దండెం మీది అంగీ మడతపెడుతూ. "పలుకకుంటే నీళ్ళల్ల పోతుండె. పలికితే తుపాకికి పాయె. ఎట్లయినా నా కొడుకు నాకు దక్కకపోతుండె బిడ్డా. కాని, అవ్వా అని పిలిస్తే అవ్వ పలుకలేదని అనుకుంట పోలే. గంతే. గది పట్టుకోని బతుకుతున్న." అని, అంగీలో ముఖం పెట్టుకుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత నాకు కోరుట్లకు బదిలీ అయింది. ఊరు మునగకముందే ఆమె పోయిందని విన్నాను. ఒక రకంగా నయమే, ఆ గట్టు లేకుండా ఆమెను నేను ఊహించలేను. మా నాయన చెప్పిన బుద్ధి మాత్రం నా దగ్గర నిలవలేదు. తరగతిలో పిల్ల "టీచర్" అంటే బోర్డు వైపు తిరిగి ఉన్నా ఊఁ అనేదాన్ని. తలుపు చప్పుడైతే, మా ఆయన వద్దంటున్నా "ఎవరది?" అని లేచేదాన్ని.

బాపట్లలో మేం తిరిగి వస్తుంటే ఒడ్డు నుంచి ఎవరో పిలిచారు. ఇరవై ఏళ్ళ పిల్లాడు. తర్వాత పడవెక్కేది తానేనని కాబోలు, చేతులు ఊపుతూ నీళ్ళలోకి నడిచి వస్తున్నాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుము దాకా వచ్చాయి, ఒక అల నెత్తి తడిపింది. "ఒడ్డుకెళ్ళాక మాట్లాడదాం లెండి, గాలికి వినపడదు" అన్నాడు మా పడవ కుర్రాడు. నేను లేచి నిలబడ్డాను. పడవ ఊగింది, మా వాళ్ళు కెవ్వుమన్నారు.

"అస్తున్నం కొడుకా! గంగల దిగకు! ఎనుకకు పో!"

అది సముద్రమని కూడా గుర్తులేదు నాకు. అందరూ పడీపడీ నవ్వారు. పిల్లాడికి మాత్రం వినబడింది. ఆగాడు, వెనక్కి తిరిగి ఇసుక మీదికి నడిచాడు. అక్కడ తుపాకులు లేవు. వాళ్ళమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది, వాడి తల తుడిచింది.