పాకాలలో మండీ సంఘం ఇల్లు

వసంతమ్మ భర్త చిత్తూరు బెల్లం మండీలో కాటా వేసేవాడు. లారీ గుద్ది ఆయన పోయేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు, పిల్లలు లేరు. మండీ వాళ్ల సోదర సంఘానికి పాకాలలో ఒక ఇల్లుండేది. సభ్యుల్లో ఎవరైనా చనిపోతే వాళ్ల భార్యాబిడ్డలకు అక్కడ చోటిచ్చేవాళ్లు. వసంతమ్మ కొన్నాళ్లు ఉండి పోదామనుకుంది. వంట చేస్తూ, తల్లీ తండ్రీ లేని పిల్లలకు తలలు దువ్వుతూ అక్కడే ముసలిదైపోయింది.

ఈలోగా చెరకు పోయి మామిడి తోటలొచ్చాయి. మండీలో అంగళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సంఘంలో పాతవాళ్లు పోయారు, వాళ్ల కొడుకులు చేరలేదు. పోయిన వేసవిలో సంఘం కార్యదర్శి ధనంజయ వచ్చాడు. అతనూ వసంతమ్మ చేతి అన్నం తిని ఆ ఇంట్లో పెరిగినవాడే. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

“ఇల్లు నడపలేమమ్మా. కల్యాణ మండపానికి ఇచ్చేస్తా ఉండారు. నీకు తిరుపతిలో వృద్ధాశ్రమం మాట్లాడినాను.”

“నా సంగతి వదిలెయ్. సుజన, లోకేష్ యాడికి పోతారు?”

ఆ అక్కాతమ్ముళ్లే ఇంట్లో మిగిలిన పిల్లలు.

“పాపను చిత్తూరు హాస్టల్లో, పిల్లోణ్ణి తిరుపతిలో చేర్చుకుంటారంట.”

“అక్క పక్కన లేకుంటే వాడు అన్నం ముట్టడు. చిన్నప్పుడు నువ్వెట్లుండినావో మర్సిపోయినావా?”

ధనంజయ తలెత్తలేదు. “నేనొక్కణ్ణే వద్దంటే ఎవరింటారమ్మా? అడిగి సూసినాను” అన్నాడు.

వసంతమ్మ చిత్తూరు వెళ్లి, పిల్లలిద్దరినీ తనకే అప్పగించమని పిల్లల సంక్షేమ అధికారిని అడిగింది. ఆయన మర్యాదగానే విన్నాడు. ఇంత వయసులో, రక్తసంబంధం లేకుండా, కుదరదన్నాడు.

పిల్లల్ని తీసుకుపోయే రోజు లోకేష్ ఏడవలేదు. తనకు వేరే జీపు వస్తుందని తెలియక, అక్క ఎక్కిన జీపులోనే ఎక్కి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ్లు వసంతమ్మే విడదీయాల్సి వచ్చింది.

ఆమె వృద్ధాశ్రమానికి పోలేదు. తిరుపతిలో ఒక మెస్సులో కూరగాయలు తరిగే పనికి కుదిరి, ఆదివారాలు లోకేష్‌ను చూడ్డానికి వెళ్తోంది. మొదట్లో వాడు ఆమెకేసి చూసేవాడు కాదు. ఈమధ్య వచ్చి పక్కన కూర్చుంటున్నాడు.

“అక్కను ఎప్పుడు తెస్తావవ్వా?” అని అడుగుతాడు.

దసరా సెలవుల్లో ఇద్దరినీ ఒకచోట ఉంచాలని ధనంజయ రెండు హాస్టళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. అనుమతి ఇంకా రాలేదు.

“అడగతా ఉండాం నాయనా” అంటుంది వసంతమ్మ.