కుట్టు టీచరు వదిలిన జానెడు దారం

మా పక్కింటి కుట్టు టీచరు పోయిన బుధవారం కన్నుమూశారు. పరిశ్రమలకు అమ్మాయిలను తీసుకుపోయే మొదటి బస్సు మా తడ ఊళ్లో, మా వీధి మలుపులో హారన్ కొడుతున్న వేళ, ఆమె కోడలు మా గేటు దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, అత్తమ్మ ఎంత లేపినా లెయ్యడంలా," అన్నది. ఆ మాటకు అర్థం ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. చెప్పులు వేసుకోకుండానే వెళ్లాను.

బాలికల ఉన్నత పాఠశాలలో కుట్టుపని నేర్పి పదవీ విరమణ చేసిన మనిషి కనుక, ఆమె శిష్యురాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉంటారు. వారందరిలోకీ ఆలస్యంగా చేరినదాన్ని నేను. కళాశాలలో అర్థశాస్త్రం బోధించి, నా ఇంట్లో నేనొక్కతెనే బతకాలని నిశ్చయించుకుని ఇక్కడ స్థిరపడ్డాను. కంటి శుక్లాలు తీయించుకున్నాక చదువు కొంత తగ్గించుకోవలసి వచ్చింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఒకనాడు ఆమె ఇంటి గోడ మీద ఒక బొమ్మ చూశాను. పులికాట్ సరస్సు, ఒక పక్కకు ఒరిగిన పడవ, నీళ్లలో దాని నీడ. రంగులతో వేసినదనుకుని దగ్గరికి వెళితే అంతా దారమే. మామూలు కుట్టుమిషను మీద, బట్టను రెండు చేతులతో అటూ ఇటూ నడిపిస్తూ, సూదినే కుంచె చేసుకుని కుట్టిన బొమ్మ అది. నేర్పమని అడిగాను.

"నేర్పతాలే అక్కా. అయితే ఇప్పుడే మిషను మీద కూర్చోబెట్టను. ముందు పోయి గంజి కాచుకురా," అన్నారు.

నన్ను నువ్వు అనగల మనుషులు అప్పటికే బాగా తగ్గిపోయారు. ఆ చనువు నాకు నచ్చింది.

ఆమె పద్ధతిలో బొమ్మ కంటే దాని ముందరి పనే పెద్దది. బట్టను నానబెట్టి ఉతకాలి. కుట్టాక కుదించుకుపోతే పడవ వంకరపోతుంది. గంజి పెట్టి, పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలి. అడుగున తెల్ల కాగితం పరచి గుండ్రటి చెక్క రింగులో బిగించాలి. నేను చిన్నప్పటి చేతికుట్టు అలవాటుకొద్దీ బట్ట రింగుకు పైవైపు ఉండేలా బిగించి తీసుకువెళ్లాను. ఆమె దానిమీద వేలితో దరువు వేసి నవ్వారు.

"డోలు కొడతావా అక్కా, బొమ్మ కుడతావా? తిరగెయ్. బట్ట పోయి మిషను బల్లకు ఆనుకోవాల. ఇది పైకి లేచి కూర్చోనుంది, నీ మాదిరే."

గంజి విషయంలో మాత్రం నేను ఓడలేదు. ఆమె మైదా వాడేవారు. ఈ ఉప్పుగాలి చెమ్మకు మైదా పురుగు పడుతుందని వాదించి, పలుచటి అన్నం గంజి కాచి, రెండు బట్టలూ పక్కపక్కన ఉంచి వానాకాలం దాటించాను. మైదా బట్టను ఆమే విసిరి పారేశారు. "సరేమ్మా, లెక్చరరుగారే గెలిచినారు. గంజి డిపార్టుమెంటు ఇంక నీదే పో!"

దారాలు ఎంచడం ఆమె వంతు. సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టారు. నేను నీలం ఉండలు ఏరుతుంటే, "నీళ్లు నీలమని నీకెవురు చెప్పినారు? యాడ చూసినావు?" అని మరునాడు పొద్దున్నే ఆటో ఎక్కించి సరస్సుకు తీసుకుపోయారు. ఒక్కొక్క ఉండనూ నీటికి ఎదురుగా పట్టి చూపించారు. సీసం రంగు, బూడిద రంగు, ఒక పక్క లేత గులాబి ఛాయ. నీలం ఎక్కడా లేదు. ఆ బూడిద రంగు దారానికి ఆమె పెట్టుకున్న పేరు 'పొద్దుటి నీళ్లు'. ఇంకొక దాని పేరు 'ఎండిన వల'.

నేను ఆమెకు నిజంగా రుణపడినది సూది దగ్గర. ఆపరేషన్ తరువాత సూది బెజ్జం నాకు సరిగా కనిపించేది కాదు. చూసినవారందరూ, "ఇటివ్వండి, నేను గుచ్చిస్తాను," అనేవారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ముసలితనంలో మన చేతిలోని పనులు ఒక్కొక్కటిగా జారిపోయేది ఆ మాటతోనే. టీచరు ఆ మాట అనలేదు. బెజ్జం వెనుక తెల్ల కాగితం ముక్క నిలబెట్టారు, దారం కొసను ఏటవాలుగా కత్తిరించి నా చేతికిచ్చారు, తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని వీధి చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారిపోయింది. నేను విసుక్కున్నాను.

"నీకేం తొందర? బస్సేమన్నా పోతాదా?" అన్నారు వెనక్కి తిరగకుండానే. "నేను గుచ్చిస్తే అది నా సూది అయిపోద్ది."

చివరికి దారం దూరింది. అప్పుడు మాత్రం ఇటు తిరిగి, "జానెడు తోక వదులు. కురచగా వదిల్తే మొదటి కుట్టుకే జారిపోద్ది. మళ్లీ నాతోనే పోట్లాడతావు," అన్నారు.

ఈ ఏడు ఆమె చేతులు వణకడం మొదలైంది. మనిషి చిక్కిపోయారు. తన తల్లి వలలు ఎండేసిన సరస్సు గట్టును ఒక్కసారి కుట్టాలని ఆమె కోరిక. "సామాను నువ్వు సిద్ధం చెయ్యక్కా. కుట్టేది మాత్రం నేనే."

బట్ట ఉతికాను, గంజి పెట్టాను, రింగు తిరగేసి బిగించాను. మిషనులో బట్టను అదిమే పాదం తీసేశాను, కింద దాన్ని లాగే పళ్లను దించాను, బాబిన్ చుట్టాను. సూది ఒక్కటే వదిలిపెట్టి, తెల్ల కాగితం నిలబెట్టి, 'పొద్దుటి నీళ్లు' కొసను ఏటవాలుగా కత్తిరించి ఇచ్చాను.

"ఒక్క నిమిషం అత్తమ్మా, నేను గుచ్చిస్తా," అంటూ కోడలు వచ్చింది.

"వద్దు," అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

"ఇద్దురూ ఇద్దురే! చేసుకోండి, నాకేంది," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఈసారి కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నది నేను. ఆ రోజు దారం దూరలేదు. ఆ తరువాతి రోజులూ అంతే. "రేపు చూద్దాంలే" అని ఆమె మిషను మూసేవారు. నాకు నిద్ర పట్టేది కాదు. నేను గుచ్చి ఉంచితే ఆమె ఆ గట్టు కుట్టుకోగలరు కదా, ఇది గౌరవమా, కాఠిన్యమా? ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తున్నారనుకుని దారం కొస తడిపాను.

"అక్కా," అన్నారు కళ్లు తెరవకుండానే. అంతే. దారం కింద పెట్టేశాను.

ఆమె పోయే ముందురోజు సాయంత్రం నేను మా ఇంటికి బయలుదేరేటప్పటికి కూడా సూది ఖాళీగానే ఉంది.

బుధవారం ఆమెను ముందుగదిలో పడుకోబెట్టడానికి మిషను వరండాలోకి తీసుకుపోవలసి వచ్చింది. మూత తీసి చూసి కోడలిని పిలిచాను. "నువ్వు గుచ్చినావా?"

"నేనా? నన్ను దగ్గరికి రానిస్తే కదా పెద్దమ్మా!" అని ఆ పిల్ల భోరుమన్నది.

నలుగురు పట్టి మిషనును ఎత్తారు. గడప దగ్గర దానికి ఒక కుదుపు తగిలింది. రింగులో బట్ట తెల్లగా, బిగువుగా ఉంది, ఒక్క కుట్టయినా పడకుండా. సూదిలోంచి బూడిద రంగు దారం, సరిగ్గా జానెడు, సరస్సు వైపు నుంచి వస్తున్న గాలికి లేస్తూ వాలుతూ ఉంది. జారిపోలేదు.