పిలవకుండా వచ్చే పోర్కు

మా నెల్డా వదిన మాటలు తక్కువ మనిషి. ఉన్న నాలుగు మాటలూ పెళ్లిలోనే మా అన్నయ్య థర్మన్‌కి ఇచ్చేసి ఇక ఊరుకుందని మా అమ్మ వేళాకోళం చేసేది. నేను ఆడపడుచుని కాబట్టి ఇంకాస్త ఘాటుగానే అనేదాన్ని. వదిన ఏ మాటకీ జవాబు చెప్పేది కాదు. ఓవెన్ తలుపు తెరిచి లోపలికి చూసి, మళ్లీ మూసేది.

మాది అమెరికాలో తూర్పు కరోలినా. గాలి ఎటు తిరిగినా పందుల కొట్టాల వాసన, ఎటు చూసినా చిలగడదుంప చేలు. మా మగవాళ్లకి పంది మాంసం అంటే పెరట్లో గుంట, కర్ర బొగ్గులు, పొగ, చుట్టూ కుర్చీలు, అబద్ధాలు. ఆడది ఇంట్లో ఓవెన్‌లో పెట్టిందాన్ని బార్బెక్యూ అంటే వాళ్లకి ఒళ్లు మండుతుంది. "ఇంకో పేరు పెట్టుకోండమ్మా" అంటారు. అంటూనే ఇంకో బన్ను అందుకుంటారు.

వదిన చేసే పద్ధతిలో దాపరికం ఏమీ లేదు. పంది భుజం ముక్క ఎముకతో సహా తెచ్చి, ఉప్పు, మిరియాలు, బెల్లం రంగు పంచదార పట్టించి, నీలం ఎనామిల్ ట్రేలో పెట్టి, పైన రేకు కాగితం గట్టిగా బిగించి, సన్నటి వేడి మీద ఓవెన్‌లో వదిలేయడమే. పొద్దున కాఫీకి ముందు పెడితే మధ్యాహ్నం దాటాక తీస్తుంది. మధ్యలో తెరవదు, పొడవదు, కదపదు. ఎముక పట్టుకుని లాగితే మాంసం అంటకుండా శుభ్రంగా ఊడిరావాలి. అప్పుడు రెండు ఫోర్కులతో పీచు పీచుగా లాగి, వెనిగర్‌లో ఎండుమిరప పలుకులు నానేసిన పులుసు పోస్తుంది. మెత్తటి బన్నులో పెట్టి పైన క్యాబేజీ తురుము వేస్తే, చేతికి కారుతూ ఉంటుంది. పళ్లులేని ముసలివాళ్లు కూడా తింటారు.

పుట్టినరోజైనా, పిల్లల చదువు పూర్తయిన పార్టీ అయినా, ఆదివారం చుట్టాలు దిగినా, ముందుగా వదినకి ఒక మాట చెప్తే చాలు. అయితే మనమే వెళ్లి తెచ్చుకోవాలి. ఆమె తెచ్చివ్వదు. ఆమె తనంతట తాను, చెప్పకుండా, నీలం ట్రే పట్టుకుని ఎవరి ముందు గుమ్మం తట్టినా ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు.

ముందు గుమ్మం అని ఎందుకంటున్నానంటే, మా దగ్గర దాన్నెవరూ వాడరు. కారు షెడ్డు వైపు తలుపులోంచే అందరూ వస్తారు, పోతారు. ముందు గుమ్మం పాస్టరు గారికీ, చావు పలకరింపుకీ. అందరికంటే ముందు ఆ గుమ్మం తట్టేది మా వదినే. పాస్టరు గారు కూడా ఆమె తర్వాతే. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మా చర్చిలో ఆడవాళ్లు "నెల్డా ఓవెన్ వెలిగించిందా?" అని అడుగుతారు. నవ్వుతూనే అడుగుతారు కానీ జవాబు కోసం చెవి రిక్కించి ఉంటారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది మా చర్చిలో. ఎవరి వంటకం వాళ్లదే. ఓపల్ అక్కయ్యది పీతాంబరం రంగులో ఉండే గుడ్ల వంటకం, నాది బీన్స్, డ్యూయీ తాత ఇంటి నుంచి బంగాళదుంప సలాడ్. ఒకరిది ఇంకొకరు చేస్తే ఆ మనిషిని చేతకానిదానివని నలుగురిలో అన్నట్టే. ఒకసారి కొత్తగా వచ్చిన కోడలెవరో తెలియక ఇంకో ఆవిడ చేసే కొబ్బరి కేకు చేసుకొచ్చింది. ఆ కేకు మీద ఒక్కరూ చాకు పెట్టలేదు. పాపం, ఆ పిల్ల ఆ తర్వాత మా చర్చి మానేసి మెథడిస్టుల చర్చిలో కలిసిపోయింది.

అన్నయ్య వసంతంలో పోయాడు. చేలోంచి వచ్చి, కారు షెడ్డులో కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పుకుంటూ, ఒక బూటు విప్పి, అలాగే ఉండిపోయాడు. వదిన నాకు ఫోన్ చేసి, "వాండా, మీ అన్నయ్య లేవట్లేదు" అంది. పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. నేను వెళ్లేసరికి విప్పిన బూటులోంచి రాలిన మట్టిని చీపురుతో ఊడుస్తోంది. అంబులెన్సు వాళ్లు పక్కకి జరగమంటే జరిగి, వాళ్లు వెళ్లాక మిగతాది ఊడ్చింది.

నాకూ ఏడుపు రాలేదు. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఆ రోజు అదీ రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరిగాను.

భూస్థాపన అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. మా దగ్గర మనిషి పోయిన ఇంటివాళ్లు వంటింటి వైపు రాకూడదు, కూర్చోవాలి, ముందు వాళ్లకే వడ్డించాలి. బల్ల ఈ కొస నుంచి ఆ కొస వరకు నిండిపోయింది. కోడి వేపుడు, హామ్, గుడ్లు, బీన్స్, కేకులు. వదిన నల్ల గౌను వేసుకుని ఆ బల్ల పొడుగునా మెల్లగా నడిచింది. చివరికి వచ్చి ఆగింది.

"పోర్కు ఏది?" అంది.

వడ్డనలన్నీ చూసుకునేది ఓపల్ అక్కయ్య. ఆవిడ మెల్లగా, "అది నీది కదమ్మా నెల్డా. నీ వంటకం మేమెలా ముట్టుకుంటాం?" అంది. గౌరవంగానే అంది. అందరూ తలలూపారు.

వదిన కూడా తలూపింది. "అవును కదూ" అని తిన్నగా వంటింట్లోకి వెళ్లి, నల్ల గౌను మీద ఎవరిదో ఏప్రన్ కట్టుకుని బన్నులు చీల్చడం మొదలుపెట్టింది. మాంసం లేదు. ఉత్త బన్నులు చీల్చి వరసగా పేరుస్తోంది. నేను వెళ్లి చేతిలో చాకు లాక్కుని, రెక్క పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూలేశాను. "కూర్చో వదినా, నీకు దండం పెడతాను" అన్నాను. కూర్చుంది. ప్లేటు ముందు పెడితే చూసింది. తినలేదు.

ఆ తర్వాత కూడా తినలేదు. కాఫీ తాగేది, బిస్కెట్టు కొరికి పెట్టేసేది. స్కర్టు నడుము దగ్గర పిన్నీసు పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడవనూ లేదు. అన్నయ్య మాట వస్తే "ఆయన చేను చూసుకోవాలిగా" అన్నట్టు మాట్లాడేది. పోయాడని ఒక్కసారీ అనలేదు. వాళ్ల అమ్మాయి రెనే షార్లెట్‌లో ఉంటుంది, వారం వారం వచ్చి పోయేది. "అత్తయ్యా, ఇలాగైతే మనిషి దక్కదు. ఈ నెలాఖరుకి నేను అమ్మని తీసుకెళ్లిపోతాను" అంది నాతో. తీసుకెళ్లి ఏం చేస్తావే, అక్కడా తినదు అన్నాను. "కళ్లెదుట ఉంటుందిగా" అంది. ఆ ఇల్లు, ఆ చర్చి లేకుండా వదినని నేను ఊహించుకోలేకపోయాను.

ఇంతలో గిన్నెల గొడవ వచ్చిపడింది.

చావింటికి వచ్చిన గిన్నెలని కడిగి, అడుగున అంటించిన పేరు చూసి, ఎవరివి వాళ్లకి తిరిగివ్వాలి. వదిన ఇచ్చింది. ఖాళీగా ఇవ్వలేకపోయింది కాబోలు, ప్రతి గిన్నెలోనూ పోర్కు నింపి, పైన రేకు కాగితం కప్పి, ముందు గుమ్మాలు తట్టింది. అలవాటైన కాళ్లు అటే తీసుకెళ్లాయి.

డ్యూయీ తాత తలుపు తీసి, ఎదురుగా రేకు కాగితం కప్పిన గిన్నెతో నెల్డాని చూసి గుమ్మం పట్టుకున్నాడట.

"ఎవరమ్మా? మావాడేనా?" అన్నాడట. వాళ్లబ్బాయి లారీ తోలుతాడు.

"మీ గిన్నె" అందట వదిన.

"గిన్నె సంగతి తర్వాత, ముందు ఎవరో చెప్పు తల్లీ! నేను తట్టుకుంటాలే!"

వదిన గిన్నె చేతిలో పెట్టి కారెక్కి వచ్చేసింది. ముసలాయన కొడుక్కి ఫోన్ మీద ఫోన్. వాడు ఎక్కడో టెనెస్సీలో లారీ పక్కకి ఆపి, "నేను బతికే ఉన్నాను నాన్నా, ముందు కూర్చో" అని నచ్చజెప్పాడట. ఆ పోర్కు ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

అలా ఇంకో మూడు నాలుగు ఇళ్లు బెంబేలెత్తాక ఓపల్ అక్కయ్య నాకు ఫోన్ చేసింది. "మీ వదినకి కాస్త చెప్పవే. ఊళ్లో జనం కర్టెన్లు వేసుకుని కూర్చుంటున్నారు."

అప్పుడొచ్చింది నా కోపం. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో, అంతా ఒక్కసారే వచ్చింది.

"చెప్తాను. ముందు మీరు నాకో మాట చెప్పండి అక్కయ్యా. ఈ సంఘంలో ఆవిడ పోర్కు తినని చావిల్లు ఉందా?"

"లేదు. ఎవరు కాదన్నారు?"

"ఉంది. మా అన్నయ్య చచ్చిన ఇల్లు."

"అదేమిటే, అది ఆవిడ వంటకం..."

"అయితే మీరు చెయ్యండి. చేసి పట్టుకెళ్లండి."

"నెల్డా బతికుండగా నేనా? నా వల్ల కాదమ్మా. మొహం ఎలా చూపించను?"

"సరే, నేనే చస్తాను" అని ఫోన్ పెట్టేశాను.

చేస్తాను అనబోయి చస్తాను అన్నానని తర్వాత తట్టింది. రెండూ ఒకటే అయ్యాయి ఆ రోజు. నేను బీన్స్ మనిషిని. అంత పెద్ద మాంసం ముక్కని ఎప్పుడూ ఓవెన్‌లో పెట్టలేదు. ఉప్పు పట్టించాను, రేకు కప్పాను. కానీ ఊరికే ఉండలేకపోయాను. గంటకోసారి తెరిచాను, పొడిచాను, తిప్పాను, లోపల ఉన్న వేడంతా వంటింట్లోకి వదిలేశాను. మధ్యాహ్నం ఎముక పట్టుకుని లాగితే ముక్క మొత్తం ఎముకతో పాటు లేచొచ్చింది. వేడి పెంచాను. అంచులు మాడాయి, మధ్యలో బిరుసు అలాగే ఉంది. ఫోర్కులు వంగాయి కానీ మాంసం విడిపోలేదు. చివరికి చాకు తీసుకుని తరిగేశాను. వెనిగర్ పోశాను. బాగాలేదని తెలుసు. అయినా గాజు ట్రేలో సర్ది, పైన రేకు కాగితం కప్పి బయలుదేరాను.

అలవాటుగా కారుని షెడ్డు వైపే తిప్పాను. అంతలో తట్టి, వెనక్కి తీసి, ముందు వాకిట్లో ఆపాను. మా అన్నయ్య ఇంటి ముందు మెట్లు నేను ఎక్కడం అదే మొదటిసారి. తలుపు తట్టాను.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ముందు తలుపు ఉబ్బిపోయి ఉంది, లోపలి నుంచి లాగి లాగి తీసింది. తీసి నన్ను చూసింది, నా చేతిలో ట్రే చూసింది. రంగు వెలిసిన మొహంలో మొదట ఏమీ కదల్లేదు. తర్వాత గుమ్మం పట్టుకుంది.

"ఎవరు పోయారు?" అంది.

ఈ మధ్య గిన్నెలు అందుకున్న ఇళ్ల వాళ్లంతా ఆమెని అడిగిన ప్రశ్న. వాళ్లకి చెప్పడానికి ఆమె దగ్గర పేరు లేదు. నా దగ్గర ఉంది, చావు పలకరింపుకి వచ్చినదానిలాగే చెప్పాను.

"థర్మన్, వదినా. మా అన్నయ్య పోయాడు. వినగానే వచ్చాను. వేడిగా ఉంది, కాస్త తిను."

వదిన చేతులు చాచి ట్రే అందుకుంది. ట్రే ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నేనూ మెట్టు మీద కూర్చున్నాను. రేకు కాగితం తీసి, వేళ్లతో ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమలాల్సి వచ్చింది, నా వంట అలాంటిది. నములుతుండగానే కళ్లలోంచి నీళ్లు దిగాయి. తుడుచుకోలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

"ఉడకలేదు" అంది.

"తెలుసు."

"పోయాడు వాండా."

"పోయాడు వదినా."

అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. ఆమె ట్రేని నా వైపు జరిపింది. ఆ ఉడకని మాంసాన్ని ఇద్దరం ఏడుస్తూ, నములుతూ తిన్నాం.