బాపమ్మ బేరాల బాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక పెద్ద ఉద్యోగం ఉండేది. జీతం లేదు గానీ గీర మాత్రం బోలెడు. ఇంటి మొత్తంలో నా చేతిరాత బాగుంటుందని ఎవరో ఒకసారి నోరు జారినందుకు, పెళ్లి సామాన్ల జాబితా దగ్గర నుంచి చుట్టాలకు రాసే ఉత్తరాల దాకా అన్నీ నా చేతికే వచ్చేవి. అందుకని నాకు పదకొండేళ్లున్నప్పుడు, వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ తీర్థయాత్రకు పోవాలని మా బాపు, అంటే నాన్న, అనగానే, ఆ యాత్ర ఎట్లా సాగాలో రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది. పడింది అనడం అబద్ధం. నేనే ఎగిరి పట్టుకున్నాను.

మాది సిద్దిపేట. బజారులో మాకు గిన్నెల దుకాణం ఉండేది. దుకాణం మూయడమంటే బాపుకు పన్ను పీకించుకున్నంత బాధ కాబట్టి యాత్రకు రెండే రెండు రోజులు ఇచ్చాడు. ఒక జీపు కిరాయికి మాట్లాడి, ఆ రెండు రోజుల్లో ఎన్ని గుళ్లు పడితే అన్నీ పట్టించమన్నాడు. నేను బస్టాండులో గోడ మీద చూసిన టైం పట్టికను మనసులో పెట్టుకొని, స్కేలుతో గీతలు కొట్టి, ఎర్ర సిరాతో గడులు నింపాను. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, కాళేశ్వరం, తిరిగి వచ్చే దారిలో ఇంకో మూడు. గుడికి ముప్పావు గంట. స్నానానికి పది నిమిషాలు. భోజనానికి పదిహేను. అది తీర్థయాత్ర కాదు, తీరిక లేని యాత్ర. ఆ ప్రణాళికలో ప్రాణం లేదని ఇప్పుడు నవ్వుకుంటాను గానీ, ఆనాడు దాన్ని గోడకు అంటించుకొని వచ్చేపోయేవాళ్లకు చూపిస్తూ మురిసిపోయాను.

బాపు కూడా మెచ్చుకున్నాడు. మెచ్చుకొని, ఇంత ఉరుకుడు మా బాపమ్మతో కాదని తేల్చేశాడు. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. బాపు ఆమె మంచం పక్కన కూర్చొని, "అవ్వా, నీ కాళ్లు మంచిగ లెవ్వు. నువ్వు ఇంట్ల ఉండు, ప్రసాదం తెస్తం" అన్నాడు. "మంచిదే కొడుకా, నాకేం తక్కువైంది, పోయి రాండ్రి" అంది బాపమ్మ. అంతటితో ఆ ముచ్చట అయిపోయిందని అందరం అనుకున్నాం. నేనైతే జీపులో కిటికీ పక్క సీటు నాదే అయిందని లోలోపల సంబరపడ్డాను కూడా.

కానీ ఆ యాత్రకు మూలం బాపమ్మే. నాకు మూడేళ్ల వయసులో జ్వరం పట్టి ఎన్ని రోజులైనా విడవకపోతే, పిల్ల బతికితే నా చేతులతోనే నీకు కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కోడెదూడ తాడు పట్టుకొని, దాన్ని గుడి చుట్టూ తిప్పి తెచ్చి కట్టేయడం అక్కడి మొక్కు. పిల్ల బతికింది, పెరిగింది, గీతలు కొట్టి పట్టికలు రాసేంత అయింది. మొక్కు మాత్రం ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు తీరా బండి కదిలే రోజు వచ్చేసరికి, మొక్కుకున్న మనిషినే ఇంట్లో వదిలి, కోడెను బాపు కడతాడులే అని అందరం సర్దేసుకున్నాం.  రోజూ నా జడ వేస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పే బాపమ్మ, ఆ రోజు నుంచి మాట్లాడకుండా జడ వేయడం మొదలుపెట్టింది.

రెండు వీధుల అవతల ఉండే మా అత్తమ్మ, అంటే బాపుకు అక్క, ఒక సాయంత్రం వచ్చింది. ఏ సంగతైనా సూటిగా చెప్పడం ఆమెకు చేతకాదు, చుట్టూ తిప్పి మన నోటితోనే చెప్పించేది. నా పట్టికను నాచేతే పైకి చదివించింది. ఆఖరు గడి దాకా విని, "శాన మంచిగ రాసినవ్ కోడలా. మరి నీళ్లు పోసి చూసినవా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"మీ బాపు బిందె అమ్మేముందు ఏం జేస్తడు?"

అది నాకు బాగా తెలుసు. ఎంత కొత్త బిందె అయినా, ఎంత మెరిసినా, మా దుకాణంలో దాని నిండా నీళ్లు పోసి, కింద ఎండు కాగితం వేసి, కాసేపు ఊరికే ఉంచేవాళ్లు. కాగితం తడవకపోతేనే బిందె గడప దాటేది. కొనేవాళ్లు తొందరపెట్టినా బాపు వినేవాడు కాదు.

"గిది గూడ గంతే. రేపు పొద్దుగాల మీ బాపమ్మను తీస్కొని బజారు చివర గుడికి పోయి రా. నీ కాయితంల ఉన్నట్టే ముప్పావు గంట. నేను ఎన్క వస్త, నోరు మాత్రం తెరువ" అంది.

మరునాడు బాపు గడియారం నా చేతికి కట్టుకున్నాను. అది మోచేతి దాకా జారిపోతుంటే పట్టుకొని, బాపమ్మ చిటికెన వేలు పట్టుకొని బయలుదేరాను. పది అడుగుల వెనక అత్తమ్మ. నేను ఉరికితే అయిదు నిమిషాల్లో వచ్చే గుడి అది.

నాలుగు ఇళ్లు దాటగానే సైకిళ్లు బాగుచేసే దుకాణం ముందు బాపమ్మ ఆగింది. అక్కడి చెక్కపెట్టె మీద తాపీగా కూర్చొని, "ఈ సైకిల్ ఎంతకిస్తవ్ కొడుకా?" అని అడిగింది.

"ఎవ్వలికి అవ్వా?"

"నాకే. తొక్కద్దా ఏంది?"

దుకాణం ఆయన పగలబడి నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి గడియారం చూసుకున్నాను. అక్కడి నుంచి కదిలామో లేదో, బకెట్లు అమ్మే చోట అరుగు మీద కూర్చొని నీలం బకెట్టు బేరమాడింది. తర్వాత దర్జీ దగ్గర బల్ల మీద చేరి కుట్టుమిషను ధర అడిగింది. మా ఇంట్లో సూదిలో దారం కూడా నేనే ఎక్కించాలి, ఈమెకు కుట్టుమిషను ఎందుకు? గాజుల దుకాణంలో ఇంకాసేపు. ముప్పావు గంట దాటేసరికి మేమింకా బజారు మధ్యలోనే ఉన్నాం. నా ఎర్ర సిరా పట్టిక ప్రకారం అప్పటికి దర్శనం అయిపోయి ప్రసాదం కూడా తినేసి ఉండాలి. ఎట్లాగో గుడి చేరాం. మెట్ల దగ్గర బాపమ్మ చేయి వదిలి, "నువ్ పోయి మొక్కి రా బిడ్డా, నేను గీడ్నే ఉంట" అంది.

నేను కోపంగా అత్తమ్మ దగ్గరికి పోయాను. బాపమ్మ బేరాలతోనే పొద్దంతా పోగొట్టిందని ఫిర్యాదు చేశాను.

"ఏం కొన్నది?"

"ఏం కొనలే!"

"మరి అడిగిన కాడల్లా ఏమున్నది?"

వేళ్లు మడుస్తూ గుర్తు చేసుకున్నాను. సైకిళ్ల దగ్గర పెట్టె. బకెట్ల దగ్గర అరుగు. దర్జీ దగ్గర బల్ల. గాజుల దగ్గర పీట. నాలుగో వేలు మడిచాక వెనక్కి తిరిగి బజారు వైపు చూశాను. కూర్చోవడానికి చోటు లేని ఒక్క దుకాణం ముందూ బాపమ్మ ధర అడగలేదు. నొప్పి అని చెప్పడం ఇష్టం లేని మనిషి, ధర అడుగుతూ సేద తీరింది. నేను గడియారం చూసిన ప్రతిసారీ ఆమె నా ముఖం చూసి లేచి ఉంటుంది.

అత్తమ్మ నోరు తెరవనన్న మాట అప్పటికే తప్పింది గానీ, ఇంకొకటి మాత్రం చెప్పింది. పొద్దుటి నుంచి బాపమ్మ చుక్క నీళ్లు తాగలేదట. తాగితే మళ్లీ ఒంటికి పోను జాగ చూసుకోవాలి గదా, ఆ చిన్న పిల్లను ఎట్ల అడుగుతం అని ఊరుకుందట.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ధరలన్నీ నేనే అడిగాను. దర్జీని మిషను నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందని కూడా అడిగాను. బకెట్ల ఆయన ఈ ఇంట్లో అందరికీ ఇదే రోగమా అన్నట్టు చూశాడు. బాపమ్మ నా వంక చూసి, "నీకు గూడ నా బుద్ధులే వచ్చినయేందే" అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే. ఆమెకు నేను కనిపెట్టానని తెలుసో లేదో నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం గోడ మీది పట్టిక చింపేశాను. కొత్త కాగితం మీద ఈసారి గుళ్లు రాయలేదు, ముందు ఆగే చోట్లు రాశాను. జీపు నడిపే ఆయన దగ్గరికి పోయి, దారిలో ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ కూర్చోవడానికి అరుగు ఉంది, ఆడవాళ్లకు మరుగు ఎక్కడ దొరుకుతుంది అని అడిగాను. "అందరు గుళ్లు అడుగుతరు గని, గివి ఎవ్వలు అడుగలే పాపా" అని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆగే చోట్లన్నీ రాశాక మిగిలిన ఖాళీలో రెండే గుళ్లు పట్టాయి. జీపు ఎక్కేవాళ్ల పేర్లలో మొదటి పేరు బాపమ్మది.

బాపు కాగితం చూసి బిత్తరపోయాడు. "ఏడు గుళ్లు రెండైనయేంది? తక్కిన దేవుండ్లు అలుగరా?"

"కారే బిందె మనం అమ్ముతమా బాపూ?" అన్నాను.

బాపు అత్తమ్మ వైపు చూశాడు. ఆమె ఇంటి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూర్చుంది. బాపు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా కిటికీ పక్క సీటు పోయింది. పోతే పోయింది, ఆ సీటులో బాపమ్మ కాళ్లు చాపుకొని కూర్చుంటే చూడటానికి బాగుంది.

వేములవాడలో మాకు దొరికిన కోడె మహా మొండిది. నాలుగడుగులు వేసి ఆగిపోయేది. "ఏందిరా కొడుకా, నీకు గూడ మోకాళ్ల నొప్పులా?" అని బాపమ్మ దాని గంగడోలు నిమిరింది. వెనక జనం జరగమంటే బాపు చేతులు అడ్డం పెట్టి, "జర ఆగుండ్రి, అవ్వ మొక్కు తీర్చుకుంటుంది" అన్నాడు. దుకాణంలో తప్ప ఎక్కడా ఓపిక చూపని మా బాపు అంతసేపు ఒకరి కోసం నిలబడటం నేను మొదటిసారి చూశాను. బాపమ్మ ఆగుతూ, నడుస్తూ, చుట్టు పూర్తి చేసి, తన చేతులతోనే కోడెను కట్టింది. తాడు ముడి వేసి, "పిల్లను నిలబెట్టినవ్, నన్ను గూడ నిలబెట్టినవ్" అని గుడి వైపు తిరిగి దండం పెట్టింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నాకు వంట సరిగా రాదు, పాట అసలే రాదు, ఫోనులో ఫోటో తీస్తే నా బొటనవేలే వస్తుంది. కానీ పెద్దవాళ్లను యాత్రకు తీసుకుపోవడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్లు లేరని మొహమాటం లేకుండా చెప్పుకుంటాను. వస్తారా అని పెద్దవాళ్లను అడిగితే వాళ్లు మన ముఖం చూసి జవాబు చెబుతారు. ఎక్కడెక్కడ ఆగుదాం అని అడిగితే తమ మోకాళ్లను అడిగి చెబుతారు. ఆ రోజు నుంచి నేను మొదటి ప్రశ్న అడగడం మానేశాను.

పోయిన నెల మా ఇంట్లో భద్రాచలం ప్రయాణం అనుకున్నారు. ఎనభై ఏళ్ల మా ఆడబిడ్డ, అడగకముందే, తాను ఇల్లు చూసుకుంటానంది. నేను కాగితం, పెన్ను తీసుకొని ఆమె పక్కన కూర్చున్నాను. "వదినా, ముందుగాల ఎక్కడ ఆగుదాం? వరంగల్లనా?" అన్నాను. ఆమె నా చేతిలోని కాగితంలోకి తొంగి చూసింది.

"వరంగల్ దాకా ఎందుకు? అంతకంటే ముందే ఒక ఛాయ్ తాగుదాం" అంది.