ఎవరికి గిన్ని కళ్ళద్దాలు?

సెల్‌ఫోను ఇంటికొకటి కాక ఊరికొకటి ఉన్న ఆ రోజుల్లో, నాకు మనుషుల కన్నా మెషీన్ల మీదే నమ్మకం ఎక్కువ. ("ఏందమ్మా, మాట్లాడవు?" అని మెషీన్లు అడగవు కదా.) డిగ్రీ అయ్యాక భద్రాచలంలో ఒక కళ్ళద్దాల షాపులో కంప్యూటర్ పని దొరికింది. ఓనర్‌ను అందరూ చాచా అనేవాళ్ళు, నేనూ అంతే. గిరాకీల పేర్లు, నంబర్లు ఉన్న డేటాబేసును మెసేజీలు పంపే సాఫ్ట్‌వేరుకు కలపడం అక్కడ నేను చేసిన మొదటి ఘనకార్యం. ఖమ్మం నుంచి అద్దాలు రాగానే పేరు పక్కన 'రెడీ' అని పెడితే చాలు, "మీ కళ్ళద్దాలు రెడీ, వచ్చి తీసుకోండి" అని ఇంగ్లీషు అక్షరాల్లో, వాళ్ళు వచ్చేదాకా రోజూ, దానంతటదే వెళ్ళిపోయేది. మొదట్లో మెసేజీలో పేరు కూడా ఉండేది. కానీ డేటాబేసులో పేర్ల పక్కన 'గారు' లేదు. పెద్దవాళ్ళను మెషీను ఉత్త పేరుతో పిలవడం నచ్చక పేరే తీసేశాను.

చాచాకు మొదటినుంచీ అనుమానమే. "ఎవరూ నొక్కకుండ ఎట్ల పోతది బేటీ?" అంటూ కీబోర్డు మీద తువ్వాలు కప్పి పక్కనే కాపలా కూర్చునేవాడు. అయినా పోయేది. దాంతో అనుమానం నా మీదికి మళ్ళింది, షాపు సిమ్ములోంచి నేనెవరికో కబుర్లు పంపుతున్నానని. చెప్పబోతే నాకు నోరు పెగలదు, పెగలకపోవడం ఇంకో రుజువు. ఆ మాట అమ్మ చెవిన పడిందంటే ఉద్యోగం అంతటితో సరి.

సరిగ్గా అప్పుడే ఒక పొద్దున దుమ్ముగూడెం బస్సు దిగి ఒకామె సెల్‌ఫోను పట్టుకుని వచ్చింది. అడవి పక్క ఊళ్ళో వాళ్ళది కిరాణా కొట్టట. భర్త ఫోను నిండా మా మెసేజీలే ఉంటే బిడ్డతో చదివించిందట. "మా ఆయనవి గద్ద కండ్లు. మరి గిన్ని అద్దాలు ఎవరికి కొంటుండు?" అని అడిగింది. తర్వాత నా ముఖం పరీక్షగా చూసి, "నువ్వు పెట్టుకున్నయి ఎవరు కొనిచ్చిన్రు?" అంది.

(అవి ఇచ్చింది చాచానే, షాపు పిల్ల అద్దాలు బాగుంటే గిరాకీ పెరుగుతుందని. ఆ మాట ఆయన చెప్పొచ్చు. కానీ ఆయన, కబుర్లు ఎవరికో ఇన్నాళ్ళకు తేలిందన్నట్టు నా వైపే చూస్తున్నాడు.)

నేను స్క్రీను ఆమె వైపు తిప్పి ఆ నంబరు కొట్టాను. పేర్లు బిలబిలా వచ్చాయి. ఒక్కొక్కటీ చదివాను. "మా పెద్దమామ... మా పక్కింటాయన... మా అత్తమ్మ" అంటూ ఆమె గొంతు తగ్గుతూ పోయింది. ఆ ఊళ్ళో సిగ్నల్ అందేది గుట్ట మీది వాళ్ళ కొట్టు దగ్గరే. ఉన్నదీ ఆ ఒక్క ఫోనే, అందరూ ఆ నంబరే రాయించారు. ఇంగ్లీషు అక్షరాలు రాని ఆయన, అన్నీ సెల్ కంపెనీ గోలే అనుకుని వదిలేశాడు. "నా అద్దాలేవని మా అత్త రోజూ నన్నే తిడ్తది" అని ఆమె నవ్వి, ఊరి కళ్ళజోళ్ళన్నీ సంచిలో వేయించుకుపోయింది.

పేర్లకు 'గారు' చేర్చి మళ్ళీ మెసేజీలో పెట్టాను. చాచా మాత్రం, "అవ్ బేటీ, గదంత సరే. నొక్కకుండ ఎట్ల పోతది?" అన్నాడు.

ఇప్పుడు ముక్కూ ముఖం తెలియని కంపెనీలు నా పేరుకు 'గారు' తగిలించి మెసేజీలు పంపుతుంటాయి. ఎవరు నొక్కారా అని నేనూ చాచాలాగే అనుమానంగా చూస్తాను. నా అద్దాలు ఎవరు కొనిచ్చారని ఆ రోజు అడిగినామెకు చెప్పాల్సిన గడుసు జవాబు మాత్రం ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. మొన్న తీసి చదివితే ఎంత బాగా కుదిరిందో అనిపించింది. వినడానికి ఎదురుగా ఆమే లేదు.